ఉరిమిన సాయంత్రాల జాబితా

"తాళంచెవి బల్ల మీద పెట్టండి సిస్టర్," అన్నాడు నాణు మాష్.

లీలామణి సిస్టర్ పెట్టలేదు. తెల్లకోటు జేబులో చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడింది. లోపల పిడికిలి బిగుసుకోవడం బయటికి కనిపిస్తూనే ఉంది. మార్ఫిన్ బిళ్ళలుండే బీరువా తాళంచెవి అది. ఇక చేసేదేమీ లేదని పెద్దాస్పత్రులు ఇంటికి పంపేసిన క్యాన్సర్ రోగులు చాలియార్ నదికి ఈ ఒడ్డున ఎంతమంది ఉన్నారో, వాళ్ళందరి నిద్రా ఆ బీరువాలోనే ఉంటుంది.

మాష్ ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి శుక్రవారం సాయంత్రం కంప్యూటర్లోంచి తీసింది, రెండోది శనివారం పొద్దున తీసింది. రెండూ ఒకే నెల జాబితా. ఏ రోగికి ఏ రోజు ఎన్ని బిళ్ళలిచ్చారో వరసగా ఉండి, అడుగున మొత్తం ఉంటుంది. శుక్రవారం కాగితాన్ని బీరువాలో మిగిలినవాటితో పోల్చి చూస్తే నూటనలభై బిళ్ళలు ఎటు పోయాయో తెలియదు. శనివారం కాగితంలో అన్నీ చక్కగా సరిపోయాయి.

"సరిపోయాయి కదా మాష్! ఇంకేంటి మీ బాధ?" అంది సిస్టర్.

"సరిపోవడమే నా బాధ. శుక్రవారం సాయంత్రం లేని పేర్లు శనివారం పొద్దుటికి ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి? తక్కువైందని తెలిశాక ఎవరో కూర్చుని ఎక్కించారన్నమాట. పాస్‌వర్డు మీ దగ్గరే కదా ఉంది."

"అంటే నేను మింగేసి, మింగింది కనపడకుండా పేర్లు రాశానంటారు."

"నేనేమీ అనడం లేదు. కాగితాలు అంటున్నాయి." మాష్ కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఈ క్లినిక్ కమిటీకి కార్యదర్శిగా పైసా తీసుకోడు, క్లినిక్ టీ కూడా తాగడు. అలాంటివాడి అనుమానానికి ఎదురు చెప్పడం ఎవరివల్లా కాదు. "ఈ ఓణానికి కొత్త స్కూటర్ కొన్నారని కూడా అంటున్నారు."

"కిస్తుల మీద కొన్నాను! ఇంకా రెండేళ్ళు కట్టాలి! అది కూడా మీకు చెప్పి కొనాలా?" సిస్టర్ ఒక అడుగు ముందుకేసింది. "మాష్, నన్ను ఆ ప్రమీలతో కలపకండి. బిళ్ళలు తగ్గాయని ఆవిడని పంపించేశాకే కదా నేనొచ్చింది. అలా జరిగిందని నాకు తెలుసు కాబట్టే ఏడాదిగా ఆ బీరువా ఎప్పుడు తీసినా పక్కన ఒక మనిషిని నిలబెట్టుకున్నాను. నేను అలాంటిదాన్ని కాను!"

"ప్రమీల కూడా ఇదే మాటంది," అన్నాడు మాష్.

ఆ మాటతో సిస్టర్ చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. తాళంచెవి బల్ల మీద పడేసి, ముఖం తిప్పుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర కూర్చున్న వాచ్‌మన్ బీరాన్ ఇక్క కాళ్ళు ముడుచుకుని దారిచ్చాడు. ఆమె వైపు చూడలేదు.

"శుక్రవారం కమిటీ కూర్చుంటుంది," అన్నాడు మాష్, గోడవార కుర్చీలో కూర్చున్న అమ్మాయితో. "ఆ పేర్లు ఎవరు ఎక్కించారో అప్పటికి మీ కంపెనీ తేల్చి చెప్పాలి. ఆవిడేనని తేలితే పోలీసులకి రాయకుండా నేను దాచలేను. మత్తుమందుల చట్టం అమ్మా ఇది, చిన్న విషయం కాదు."

జసీల తలూపింది. క్లినిక్ వాడే ప్రోగ్రాం కోళికోడ్‌లో వాళ్ళ కంపెనీ రాసిందే. తేల్చడం ఎంతసేపు? ఎవరు ఏ ఘడియలో ఏ పేరు రాశారో సర్వర్ తన చిట్టాలో దాచుకునే ఉంటుంది. నిజం చెప్పాలంటే ఆమెకి తేల్చేదేమీ కనిపించలేదు. జేబులో బిగుసుకున్న ఆ పిడికిలి చూసినప్పుడే సిస్టర్ తీసిందని నమ్మేసింది.

*

చిట్టాలో ఏమీ లేదు.

జసీల పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివింది. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం పొద్దుటి దాకా ఒక్క పేరు ఎక్కలేదు, ఒక్కటి చెరగలేదు. సిస్టర్ పాస్‌వర్డుతో అసలు ఎవరూ లోపలికే రాలేదు. ఆ నూటనలభై బిళ్ళలూ ఇచ్చిన రోజునే, ఇచ్చిన వేళకే, బుద్ధిగా నమోదయ్యాయి. మరి శుక్రవారం కాగితంలో ఎందుకు లేవు?

"లేకపోవడమేంటి? తెలివైన దొంగైతే చిట్టా కూడా తుడిచిపెట్టుకుని పోతుంది," అన్నాడు హరిదాసన్. కంపెనీ ఆయనదే. ఉన్నది నలుగురు మనుషులు, కింద బేకరీ, పైన ఆఫీసు. ఎప్పుడూ ఆఫీసంతా వేడి బన్ను వాసన వేస్తుంది.

"నర్సు చిట్టా ఎలా తుడుస్తుంది హరియేట్టా? చిట్టా పాస్‌వర్డు మన దగ్గరే ఉంది. మనలోనూ మీ ఒక్కరి దగ్గరే ఉంది."

హరిదాసన్ పరిప్పువడ నోటి దాకా తెచ్చి ఆగాడు. "ఏంటి నువ్వనేది?"

"ఏమీ అనడం లేదు."

అనలేదు గానీ, అనుకుంది. అనుకున్నాక ఇక ఊరుకోలేకపోయింది. ఈయనెందుకు చెరిపాడు? జిల్లాలో క్లినిక్‌లన్నిటికీ ఈ ప్రోగ్రాం ఇచ్చే ఒప్పందం వచ్చే నెలలో ఖాయం కావాలి. ఈలోగా ఎక్కడో ఏదో తేడా వచ్చుంటుంది, సర్దేసి ఉంటాడు. ఆయన ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళినప్పుడల్లా జసీల చెవులు అటే పోయాయి. తీరా వింటే ఆయన కొబ్బరికాయలు దింపే మనిషితో బేరమాడుతున్నాడు.

"రాసెయ్. ప్రోగ్రాంలో లోపమేమీ కనపడలేదు, మార్పులు వాడేవాళ్ళ వైపు నుంచే జరిగి ఉండవచ్చు అని రాసెయ్. సంతకం నేను పెడతాను," అన్నాడు తిరిగొచ్చి.

"జరిగి ఉండవచ్చు అంటే ఆవిడ జైలుకి పోతుంది."

"తియ్యకపోతే ఎందుకు పోతుంది?"

జసీల వేళ్ళు ఆ ముక్క టైపు చెయ్యడానికి ఒప్పుకోలేదు. క్లినిక్‌కి ఇంకోసారి పోయి ఆ కంప్యూటర్ మీదే చూసొస్తానని బ్యాగు భుజాన వేసుకుంది. హరిదాసన్ ముఖం మాడ్చుకుని ఊరుకున్నాడు.

*

తాళంచెవి లాక్కున్నారు గానీ, ఇళ్ళకి పోయే పని మాత్రం సిస్టర్‌దే. ఇంకెవరు పోతారు? బిళ్ళలు మాష్ చేతులతో లెక్కపెట్టి కవర్లో పెట్టి అంటించి ఇచ్చాడు. జసీల వెనక కూర్చుంది. ఆ కొత్త స్కూటర్ మీదే.

"నన్ను కనిపెట్టడానికొచ్చావా?" అంది సిస్టర్, బండి తియ్యకుండానే.

"అవును," అంది జసీల. అబద్ధం నోటికి రాలేదు.

"మంచిది. మొహం మీద చెప్పింది నువ్వొక్కదానివే. గట్టిగా పట్టుకో, రోడ్డు బాగాలేదు."

మొదటి ఇల్లు పెంకుల ఫ్యాక్టరీలో పని చేసిన ముసలాయనది. గొంతు క్యాన్సర్. సిస్టర్ చేతులు కడుక్కుని, మెడ దగ్గర కట్టు విప్పి, పుండు తుడిచి, కొత్త దూది పెట్టేదాకా ఆయన ఆమె మణికట్టు వదల్లేదు. ఆమె కూడా విడిపించుకోలేదు, ఒంటిచేత్తోనే కట్టు కట్టింది. అంత ఓపిక జసీల తన కన్నతల్లి ఉమ్మలో కూడా చూడలేదు.

తర్వాత కవరు కోడలి చేతికిచ్చింది. కోడలు అక్కడే చింపింది. బిళ్ళలు చాప మీద పోసి, ఒక్కొక్కటే వేలితో పక్కకి జరుపుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పైకే లెక్కపెట్టింది. సిస్టర్ బ్యాగు సర్దుకుంటున్న చేతులు ఆగిపోయాయి.

"ఎన్నడూ లేంది ఇవాళేంటి శోభనా?" అంది మెల్లగా.

"ఏం లేదు సిస్టర్. అందరూ లెక్కపెట్టుకోమంటున్నారు." ఆ పిల్ల తలెత్తలేదు. లెక్క పొరబడి మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టింది.

సిస్టర్ గుమ్మంలో నిలబడి లెక్క పూర్తయ్యేదాకా ఆగింది. "సరిపోయాయా?" అని అడిగి, సరిపోయాయన్నాకే మెట్లు దిగింది. దిగాక స్కూటర్ తాళం రంధ్రంలో పెట్టడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

"నిజంగా తీసుంటే బాగుండేదేమో," అంది. "ఈ మొహం పెట్టుకు తిరగడానికి ఒక కారణమైనా ఉండేది."

క్లినిక్‌కి తిరిగొచ్చేసరికి తూర్పు కొండల మీద మబ్బు నల్లగా దిగింది. తులావర్షం రోజులు. పొద్దున్నంతా ఎండ మాడ్చేస్తుంది, సాయంత్రానికి ఆకాశం విరిగి నెత్తిన పడుతుంది. జసీల మాష్ కుర్చీలో కూర్చుని ఆ నెల జాబితా అడిగింది. ఊరి చివర ఇంటర్నెట్ లైను కాబట్టి పేర్లు నెమ్మదిగా, కొన్ని కొన్నిగా వస్తున్నాయి. ఎక్కడో దూరంగా ఉరిమింది. పేర్లు ఆగాయి. గీత పడింది. గీత కింద మొత్తం వచ్చింది.

ఆమె తెరమీదికి వంగింది. మొత్తం తక్కువుంది. నెల చివరి పేర్లు సగానికి సగం లేవు. కానీ ఎక్కడా ఒక తప్పు లేదు, ఒక హెచ్చరిక లేదు, చూడ్డానికి నిండు జాబితాలాగే ఉంది.

గదిలో ఆమె తప్ప ఎవరూ లేరు. సిస్టర్ పంపు దగ్గర చేతులు కడుగుతోంది. అంటే ఇప్పుడే, తను చూస్తూ ఉండగానే, ఎవరో ఎక్కణ్ణుంచో పేర్లు మాయం చేశారా? హరియేట్టనా? జసీల లేచి వసారాలోకి వచ్చింది. గోడకున్న ఇంటర్నెట్ పెట్టె దగ్గర బీరాన్ ఇక్క వంగి ఉన్నాడు. ఆమెని చూడగానే చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"చేతిలో ఏంటి ఇక్కా?"

"ఏం లేదు మోళే, ఏం లేదమ్మా."

"చూపించండి."

ముసలాయన చెయ్యి ముందుకు పెట్టాడు. పీకిన ప్లగ్గు, దానికి వేలాడుతున్న తీగ.

"ఉరిమింది కదా," అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా. "పిడుగు పడితే ఈ పెట్టె మాడిపోతుంది. అంతకుముందు రెండు మాడిపోయాయి. ఉరుము వినపడగానే పీకెయ్యమని మాషే చెప్పాడు. మా ఇంట్లో కూడా టీవీ, ఫ్రిజ్జు, అన్నీ పీకేస్తాం. మీ ఇంట్లో పీకరా?"

పీకుతారు. ఎందుకు పీకరు? తొలి ఉరుముకే ఉమ్మ ఇల్లంతా తిరిగి ప్లగ్గులన్నీ పీకేస్తుంది. ఆ తర్వాతే మేడ మీద బట్టల సంగతి. ఈ దేశంలో పీకనివాళ్ళెవరు?

"పోయిన శుక్రవారం సాయంత్రం ఉరిమిందా?"

"తులామాసంలో ఉరమని సాయంత్రం ఉంటుందా మోళే?" అని, బీరాన్ ఇక్క ఆమె ముఖంలోకి అనుమానంగా చూశాడు. "ఏం? నా మీద పెడుతున్నారా ఇప్పుడు?"

*

ప్రోగ్రాం లోపల ఒక లైబ్రరీ ఉంది, వేరే ప్రోగ్రాంలు కూడా వాడుకోగల కోడు; హరిదాసన్ దాన్ని తొమ్మిదేళ్ళ కిందట ఒంటరిగా రాశాడు. ప్రోగ్రాం తనకి కావాల్సింది దానికి చెబుతుంది. అది సర్వర్ దగ్గరికి పోయి, డేటాబేస్‌ని అడిగి, జవాబు పేరు పేరునా మోసుకొచ్చి పెడుతుంది. అంతే దాని పని. దాన్ని ఆయన ఊరికే పంచిపెట్టాడు. ఎవరెవరో, ఎక్కడెక్కడో వాడుతున్నారు. ఆఫీసులో గొడవొచ్చిన ప్రతిసారీ ఆయన అనే మాట ఒక్కటే: "అన్నీ వెతకండి, నా లైబ్రరీ జోలికి మాత్రం పోకండి. దాంట్లో ఏమీ ఉండదు."

జసీల తిన్నగా దాని జోలికే పోయింది.

పేర్లు అందుకునే చోటు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. సర్వర్ ఒక్కో వరసా పంపుతుంది. అన్నీ పంపేశాక చివర 'అయిపోయింది' అని ఒక గుర్తు పంపుతుంది. లైబ్రరీ ఆ గుర్తు కోసం ఆగాలి. ఆగడం లేదు. చదవడానికి ఇంకేమీ రాకపోతే చాలు, అయిపోయిందనుకుంటోంది. సర్వర్ చెప్పి ముగించినా, ఎవరో మధ్యలో తీగ పీకినా, దానికి రెండూ ఒక్కటే. దాని పైన హరిదాసన్ రాసుకున్న చిన్న వ్యాఖ్య ఉంది: "ఇలా జరగదు."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కోపంతో ముందుకి చదువుకుంటూ పోయింది. ఇంకో రెండు చోట్ల అదే కథ. కొత్త పేరు రాయమని పంపాక జవాబు రాకముందే తీగ తెగితే, రాసినట్టే చెప్పేస్తోంది. లైను మూసేటప్పుడు సర్వర్ ఏదైనా తప్పు చెబితే, అది విని మింగేసి ఊరుకుంటోంది.

సరిదిద్దడం పెద్ద పనేం కాదు. సరిదిద్దామని రుజువు చెయ్యడమే పని. జసీల ఒక బొమ్మ సర్వర్ రాసింది. అది నాలుగు పేర్లు పంపి ఐదోది సగంలో ఉండగా మాట ఆపేస్తుంది. ఒకసారి మొదటి పేరుకి ముందే ఆపేస్తుంది. ఒకసారి అన్నీ పంపి, చివరి గుర్తు మాత్రం పంపకుండా ఆపేస్తుంది. పాత లైబ్రరీ మూడుసార్లూ హాయిగా మొత్తం వేసి చూపించింది. మొదటి పేరుకి ముందే ఆపినప్పుడైతే 'ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, మొత్తం సున్నా' అంది. కొత్త లైబ్రరీ మూడుసార్లూ అరిచింది.

"పెద్దది చెయ్యకు. చిన్న మెరుగుదల అని రాసి పెట్టెయ్. నేను ఒప్పేసుకుంటాను," అన్నాడు హరిదాసన్, ఆమె భుజం మీదుగా చదివి.

"మెరుగుదలా? ఇది అబద్ధం చెబుతోంది హరియేట్టా."

"అబద్ధమేంటి? ఆ ముసలాయన తీగ పీకాడు. పీకితే ఏ లైబ్రరీ ఏం చేస్తుంది?"

"తెగిపోయింది, నాకు తెలియదు అంటుంది. ఆ ఒక్క మాట అనడమే రాలేదు దీనికి. మీకు తెలుసా ఈ సంగతి? ముందే తెలుసా?"

అడిగేసింది. రెండు రోజులుగా కడుపులో ఉన్నది బయటికొచ్చేసింది. కింద బేకరీలో ఎవరో ట్రేలు ఎత్తి పడేస్తున్న చప్పుడు. హరిదాసన్ ముఖం ఎర్రబడింది. దొరికిపోయినవాడి ముఖమా, అవమానపడ్డవాడి ముఖమా అని జసీల పట్టి పట్టి చూసింది. పోల్చుకోలేకపోయింది.

ఆయన తన కంప్యూటర్ దగ్గరికి పోయి, పాత లైబ్రరీతో క్లినిక్ జాబితా అడిగి, పేర్లు వస్తుండగా చెయ్యి చాచి తీగ పీకాడు. గీత పడింది. గీత కింద మొత్తం వచ్చింది. మళ్ళీ పెట్టి, మళ్ళీ అడిగి, మళ్ళీ పీకాడు. ఈసారి ఇంకో మొత్తం. మూడోసారి పీకి ఆ తీగ చేతిలోనే పట్టుకుని కూర్చుండిపోయాడు. ఎప్పుడూ తెరమీదికి వంగి ఉండే మనిషి కుర్చీలో వెనక్కి జారిపోయాడు.

"ఎంత నీటుగా వస్తోందో చూడు," అన్నాడు చివరికి. "నేనైనా నమ్మేవాణ్ణి."

"ఏం రాయమంటారు?"

"ఉన్నది రాయి. అందరికీ పంపు, వాడుతున్నవాళ్ళందరికీ. ఈ పాత లైబ్రరీతో తీసిన ఏ జాబితానీ నమ్మొద్దని కూడా రాయి."

"ఒప్పందం పోతుందేమో."

"పోతే పోయింది. సంతకం నేను పెడతానన్నాగా?" అని విసుక్కున్నాడు. లేచి వెళ్తూ, ఆ 'ఇలా జరగదు' అన్న ముక్క తన చేత్తోనే చెరిపాడు.

*

శుక్రవారం కమిటీ కూర్చుంది. సిస్టర్ గోడవార నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు, అన్నా కూర్చునేలా లేదు. జసీల నోటితో చెబుతుంటే మాష్ కనుబొమలు పైకే ఉండిపోయాయి. కంపెనీవాళ్ళు సిస్టర్ వైపు ఎందుకు తిరిగారా అన్న అనుమానం ఆయన ముఖంలో తేటతెల్లంగా ఉంది.

"చెప్పడం ఎందుకు? చూపిస్తాను. ఉరమనివ్వండి," అంది జసీల.

ఉరమడానికి ఎంతోసేపు పట్టలేదు. పేర్లు వస్తున్నాయి. బీరాన్ ఇక్క ఇంటర్నెట్ పెట్టె దగ్గర నిలబడి, ఇంతకాలం అడక్కుండా చేసిన పనికి ఇవాళ మొదటిసారి అనుమతి కోసం మాష్ వైపు చూశాడు. మాష్ తలూపాడు. ఇక్క పీకాడు. పాత లైబ్రరీ గీత గీసి మొత్తం వేసింది. సిస్టర్ మింగేసిందన్న కాగితం ఎలా ఉందో అచ్చం అలాగే. తీగ పెట్టి, కొత్తది ఎక్కించి, మళ్ళీ అడిగి, మళ్ళీ పీకించింది. ఈసారి గీత పడలేదు. మొత్తం రాలేదు. తెరమీద ఎర్రగా రెండు ముక్కలు వచ్చాయి: 'జాబితా మధ్యలో తెగింది. ఇది పూర్తి కాదు.'

వాన పెంకుల మీద దబదబా కొడుతోంది.

నాణు మాష్ లేచాడు. సొరుగు తీసి, తాళంచెవి తీసి, రెండు చేతులతో పట్టుకుని సిస్టర్ దగ్గరికి నడిచాడు. "తప్పయిపోయింది సిస్టర్," అన్నాడు. ఆయన ఆ మాట అనగా విన్నవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

సిస్టర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వింది కూడా. చెయ్యి చాచింది. చాచిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"మాష్, ప్రమీలని మీరు ఏ నెలలో పంపించేశారు?"

మాష్ ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. కుర్చీ వెతుక్కుంటూ ఆయన చెయ్యి వెనక్కి పోయింది.

"తులామాసం," అన్నాడు బీరాన్ ఇక్క గుమ్మంలోంచి. "వాన పడుతోంది. గొడుగు కూడా తీసుకోకుండా పోయింది ఆ పిల్ల."

"ఆవిడ విషయంలో మర్నాడు జాబితా మళ్ళీ తియ్యలేదా?" అంది జసీల.

"తియ్యలేదు. తియ్యాలనిపించలేదు. కేసు పెట్టలేదు, మర్యాదగానే పంపించేశాం," అన్నాడు మాష్.

వాన తగ్గేదాకా అందరూ అక్కడే కూర్చున్నారు. ఉరుములు దూరం పోయాక బీరాన్ ఇక్క తీగ పెట్టాడు. జసీల పోయిన ఏడాది తులామాసం జాబితా అడిగింది. పేర్లు నెమ్మదిగా వచ్చాయి, చివరి గుర్తు దాకా వచ్చాయి. మాష్ అప్పటి బీరువా లెక్క రాసిన పాత కాగితం తెచ్చి పక్కన పెట్టుకుని, ఒక్కో వరసకీ వేలు ఆనిస్తూ చదివాడు. ఒక్క బిళ్ళ తేడా లేదు. అడుగుకి వచ్చాక కూడా వేలు తియ్యలేదు.

సిస్టర్ తాళంచెవి తీసుకోలేదు. "ఆవిడ ఇప్పుడెక్కడుందో ఎవరికైనా తెలుసా?" అంది. "ఏడాదిగా నేను ఆ బీరువా తీసినప్పుడల్లా ఆవిడనే తిట్టుకున్నాను."

*

కోళికోడ్ మిఠాయి తెరువు బజారులో ఆదివారం జనం భుజం భుజం రాసుకుంటూ నడుస్తున్నారు. బట్టల దుకాణాల ముందు అమ్మాయిలు నిలబడి "రండి చేచీ, రండి, చూసి పొండి" అని పిలుస్తున్నారు. ప్రమీల పని చేస్తోందని బీరాన్ ఇక్క అల్లుడు చెప్పిన దుకాణం మలుపులో ఉంది. మాష్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. ఇస్త్రీ పంచె కట్టుకుని, చంకలో గొడుగు పెట్టుకుని, ఏదో దొంగతనానికి వచ్చినవాడిలా పక్కకి తప్పుకున్నాడు.

"మీరు వెళ్ళండి. నేను వస్తాను," అన్నాడు. రాలేదు.

లోపల చీరల బల్ల వెనక ఒక సన్నటి మనిషి మడతలు పెడుతోంది. నర్సు చేతులు. దుప్పటి మూలలు సర్దినట్టే చీర మూలలు సర్దుతోంది. వాళ్ళని చూడగానే నవ్వు ముఖం పెట్టి, "ఏం చూపించమంటారు చేచీ? కసవు చీరలా, పట్టా?" అంది.

"ప్రమీలా," అంది సిస్టర్. "నా పేరు లీలామణి. నీ తర్వాత క్లినిక్‌కి వచ్చింది నేనే." దారంతా కూడబలుక్కున్న మాటలు అంతటితో అయిపోయాయి. ఆమె జసీల వైపు చూసింది. జసీల బ్యాగులోంచి జాబితా తియ్యబోయింది.

ప్రమీల ఆ కాగితం చూడనేలేదు. ఆమె చూపు వాళ్ళని దాటి, గాజు తలుపుని దాటి, బయట గొడుగు పట్టుకుని తల వంచుకున్న ముసలాయన మీద పడింది. ముఖంలో నవ్వు పోయింది. చేతులు రెండూ మెల్లగా చీర మీంచి తీసి, బల్ల మీద, అందరికీ కనపడేలా పెట్టింది.

"ఇప్పుడేం పోయింది?" అంది.